కడుపుతో ఉన్న తల్లికి ఫ్లూ సూది: వేయించుకోవాలా, వద్దా?

(సొసైటీ మహిళా విభాగం వారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను “స్త్రీల ఆరోగ్యము” అనే విషయం మీద అరగంట మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం అరగంటలో తేలేది కాదు. అందుచేత ఒకే ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఈ మధ్య నా దగ్గరికి చూపించుకోవటానికి వచ్చే గర్భిణీలు తరచుగా అడుగుతున్న ప్రశ్న అది. “డాక్టరమ్మా, ఫ్లూ సూది వేయించుకోమంటున్నారు. వేయించుకోనా, వద్దా?” అడిగేది కోడలు. పక్కన కూర్చొని తల అడ్డంగా ఊపేది అత్తగారు. ఇక కోడలి చేతిలో ఉన్న ఫోన్లో కువైట్ నుంచి వింటూ ఉండేవాడు ఆ ఇంటి అబ్బాయి. ఆయన “అమ్మీ ఎలా చెబితే అలా” అంటాడు. అమ్మీ ఏం చెబుతుందో మనకు తెలిసిందే. ఈ ముగ్గురికీ కలిపి ఈ రోజు జవాబు చెప్పాలని నా ప్రయత్నం.

ముందుగా, ఫ్లూ అంటే రొంప కాదు. రొంప పడితే ముక్కు కారుతుంది, రెండు రోజులు చికాకుగా ఉంటుంది, మన పని మనం చేసుకుంటూనే ఉంటాము. ఫ్లూ వస్తే మనిషిని ఒక్కసారిగా మంచాన పడేస్తుంది. ఒళ్ళంతా విరగగొట్టినట్టు నొప్పులు, మంట లాంటి జ్వరం, పొడిదగ్గు. ఆరోగ్యవంతులకు వారం రోజుల్లో నయమవుతుంది. కొందరిలో మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. ఆ కొందరిలో ముసలివారు, చక్కెర వ్యాధి ఉన్నవారు, పసిపిల్లలు ఉంటారని అందరికీ తెలుసు. కడుపుతో ఉన్న ఆడపిల్ల కూడా ఆ వరసలోనే ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఇరవై రెండేళ్ళ పిల్ల, నిన్నటిదాకా బిందెలతో నీళ్ళు మోసింది, దానికేమవుతుంది అనుకుంటారు.

ఏమవుతుందో చెబుతాను. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి పెరిగి, ఊపిరితిత్తుల కింద ఉండే పొరను పైకి నెడుతుంది. ఏడో నెల దాటిన పిల్ల మెట్లెక్కితే ఆయాసపడేది అందుకే. గుండె కూడా మామూలుకంటే ముప్పై నలభై శాతం ఎక్కువ రక్తాన్ని తోడుతూ ఉంటుంది. దానికితోడు, లోపలి బిడ్డను పరాయి వస్తువని శరీరం తోసేయకుండా ఉండేందుకు రోగాన్ని ఎదిరించే శక్తి తన పద్ధతి కొంత మార్చుకుంటుంది. అల్లాహ్ చేసిన ఏర్పాటు అది, బిడ్డ క్షేమం కోసం. కాని ఆ సమయంలో ఫ్లూ వచ్చిందంటే, అప్పటికే బరువు మోస్తున్న ఊపిరితిత్తుల మీద ఇంకొక బరువు పడ్డట్టే.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాను మన పెద్దలు బొంబాయి జ్వరం అనేవారు. ఓడల మీద సిపాయిలతో బొంబాయిలో దిగి రైళ్ళ వెంబడి దేశమంతా పాకింది. మన దేశంలోనే కోటీ ఇరవై లక్షలనుంచి రెండు కోట్ల దాకా చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. అప్పుడు కూడా గర్భిణీలు మిగతావారికంటే ఎక్కువగా పోయారని వైద్యులు రాసిపెట్టారు. తిరిగి 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికాలో లెక్క తీశారు. వారి జనాభాలో గర్భిణీలు నూటికి ఒకరు. ఆ జ్వరంతో చనిపోయినవారిలో మాత్రం నూటికి ఐదుగురు. మన దేశంలో ఆ జబ్బు మొట్టమొదట రుజువైంది మన హైదరాబాదులోనే, 2009 మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో. 2015లో అది మళ్ళీ విజృంభించి, దేశం మొత్తం మీద దాదాపు 3 వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెలంగాణలో ఉన్నవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మందుల షాపుల్లో మాస్కులు దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఒక పిల్లను మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఎనిమిదో నెల. మరిది పెళ్ళిలో వలీమా దాకా నిలబడి అందరికీ వడ్డించింది. మర్నాడు జ్వరం. ఇంట్లో మిరియాల కషాయం, తులసాకు, ఒళ్ళు కాపడం, నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు రాత్రి మాట పూర్తి చెయ్యలేనంత ఆయాసంతో ఆటోలో తెచ్చారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశాము. బిడ్డ బతికింది. తల్లి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి వెళ్ళిపోయింది. ఇన్నా లిల్లాహి. ఆ ఇంటివారిని నేను తప్పు పట్టను. వారికి చెప్పినవారు లేరు. ఆ పిల్లకు సూది వేసి ఉంటే తప్పకుండా బతికేదని కూడా నేను ప్రమాణం చెయ్యను. సూది అంత గట్టి కవచం కాదు. దాని సంగతికే వస్తున్నాను.

ఫ్లూ సూది ఆ సంవత్సరం టీకాకు, ఆ సంవత్సరం తిరిగే క్రిములకు ఎంత జోడీ కుదిరిందన్న దాన్నిబట్టి పనిచేస్తుంది. మంచి సంవత్సరాల్లో నూటికి నలభై నుంచి అరవై పాళ్ళు జబ్బును ఆపుతుంది. కొన్ని సంవత్సరాల్లో ఇంకా తక్కువ. గర్భిణీల మీదే చేసిన ఒక పెద్ద పరిశీలన ఉంది. 2010 నుంచి 2016 దాకా నాలుగు దేశాల ఆసుపత్రుల రికార్డులు చూశారు. సూది వేయించుకున్నవారిలో ఫ్లూతో ఆసుపత్రిలో చేరటం సుమారు నలభై శాతం తగ్గింది. “నూటికి నలభయ్యేనా?” అని ఒక అత్తగారు పెదవి విరిచారు నా ముందు. అమ్మా, వానలో గొడుగు వేసుకొని వెళితే కాళ్ళు తడుస్తాయి. కాళ్ళు తడుస్తాయని గొడుగు ఇంట్లో పారేసి వెళ్ళము కదా.

ఇక అసలు విషయం. ఈ సూది తల్లికి వేస్తే దాని ఫలం బిడ్డకు కూడా చేరుతుంది. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఫ్లూ టీకా వెయ్యకూడదు. కాని ఆ ఆరు నెలలే బిడ్డకు ఎక్కువ ప్రమాదం. మరి ఆ బిడ్డను కాపాడేదెవరు? తల్లి శరీరంలో తయారైన రక్షక పదార్థాలు మాయ ద్వారా బిడ్డ రక్తంలోకి వెళతాయి. పుట్టాక కొన్ని పాల ద్వారా వెళతాయి. దీన్ని మొట్టమొదట గట్టిగా రుజువు చేసింది ఏ లండన్ లోనో, న్యూయార్కులోనో అనుకునేరు. ఢాకాలో! 2004, 2005 సంవత్సరాల్లో బంగ్లాదేశ్ లో 340 మంది గర్భిణీలను తీసుకొని, సగం మందికి ఫ్లూ సూది, సగం మందికి వేరే సూది వేశారు. పుట్టిన బిడ్డల్ని ఆరు నెలలు కనిపెట్టి చూశారు. ఫ్లూ సూది వేయించుకున్న తల్లుల బిడ్డల్లో 6 గురికి ఫ్లూ వచ్చింది. వేయించుకోని తల్లుల బిడ్డల్లో 16 మందికి వచ్చింది. అంటే అరవై మూడు శాతం తగ్గింది. ఆ తరువాత ఆఫ్రికాలో మాలీ దేశంలో నాలుగు వేల పైచిలుకు తల్లుల మీద చూశారు. అక్కడ ఆరు నెలల మీద చూస్తే లాభం అంతకంటే తక్కువగానే తేలింది, మొదటి నాలుగు నెలల్లో బాగా కాపాడింది, ఆ తరువాత పలచబడింది. దక్షిణాఫ్రికాలో, నేపాల్ లో కూడా ఇటువంటి పరిశీలనలు జరిగాయి. ఢాకాలోనూ మాలీలోనూ ఆ తల్లుల్లో అత్యధికులు మన మాదిరిగా కలిమా చదివినవారే. ఈ సూది పైదేశాలవాళ్ళ తంతు అనేవారికి ఈ ఒక్క మాట చెబితే చాలు.

ఇప్పుడు అనుమానాలు. నన్ను అడిగేవి నాలుగైదే ఉంటాయి, తిప్పి తిప్పి అవే అడుగుతారు.

మొదటిది, గర్భం పోతుందా? ఈ భయాన్ని చూసి నవ్వకూడదు. రెండు మూడు సార్లు గర్భం పోయి, నఫిల్ నమాజులు చదివి, దుఆలు చేసి నిలుపుకున్న కడుపు అయితే ఆ తల్లి ప్రతి దానికీ భయపడుతుంది. దాచకుండా చెబుతాను. 2017లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. వరసగా రెండేళ్ళు ఒక రకం ఫ్లూ సూది వేయించుకున్నవారిలో గర్భస్రావం కాస్త ఎక్కువగా కనిపించిందని అందులో రాశారు. అందరూ ఉలిక్కిపడ్డారు. అదే బృందంవారు ఊరుకోకుండా ఇంకా ఎక్కువమందిని, ఇంకా మూడు సీజన్లపాటు చూశారు. ఆ సంబంధం కనబడలేదు. ఆ ఫలితం 2019లో అచ్చువేశారు. మొదటిది పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది, రెండోది ఎవరికీ తెలియలేదు. లోకం తీరు అంతే. ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. ఏ సూదీ వేయించుకోకపోయినా నూరు గర్భాల్లో పది పదిహేను మొదటి నెలల్లోనే పోతాయి. సోమవారం సూది, గురువారం గర్భస్రావం అయితే నింద సూదిమీద పడుతుంది. గురువారం గర్భస్రావం అయిన పిల్ల సోమవారం బొప్పాయి తిని ఉంటే నింద బొప్పాయి మీద పడేది. కాకపోతే మొదటి మూడు నెలల్లో ఒళ్ళు కాలిపోయే జ్వరం రావటం మాత్రం బిడ్డ వెన్నుకు, మెదడుకు మంచిది కాదని తెలిసిన విషయమే. ఆ జ్వరాన్నే కదా ఈ సూది ఆపాలని చూసేది.

ఏ నెలలో వేయించుకోవాలి? ఏ నెలలోనైనా వేయించుకోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. 2012లోనే వారు టీకా వేయదలచిన దేశాలకు గర్భిణీలను అందరికంటే ముందు వరసలో పెట్టమన్నారు. కొందరు డాక్టర్లు మూడు నెలలు దాటనిచ్చి వేస్తారు. నెలలు ఏవైనా, ఎదుట సీజను ఉంటే ఆలస్యం చెయ్యకూడదని నా అభిప్రాయం. మన దేశంలో ఈ జబ్బు రెండు సార్లు ఎక్కువగా తిరుగుతుంది, వానాకాలంలో ఒకసారి, చలి వెళ్ళే ముందు జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి. సూది వేశాక రక్షణ తయారు కావటానికి రెండు వారాలు పడుతుంది. ఇంట్లో అందరూ దగ్గుతున్నప్పుడు పరిగెత్తుకొస్తే ప్రయోజనం తక్కువ.

రెండో అనుమానం హలాల్, హరాం గురించి. ఇందులో పంది కొవ్వు ఉంటుందట కదా అని ఒక పెద్దమ్మ అడిగారు. ఆ మాట ఎక్కడినుంచి పుట్టిందో చెబుతాను. ముక్కులో కొట్టే ఫ్లూ మందు ఒకటి ఉంది. ఇంగ్లండులో బడిపిల్లలకు ఇచ్చేదానిలో పందినుంచి తీసిన జెలటిన్ ఉంది. దానిమీద అక్కడి ముస్లిములలో పెద్ద చర్చ జరిగింది. ఆ ముక్కు మందులో బతికున్న క్రిమి ఉంటుంది కాబట్టి దాన్ని గర్భిణీలకు ఇవ్వనే ఇవ్వరు. మనం మాట్లాడుకునేది భుజానికి వేసే సూది. ఇందులో ఉండేది చచ్చిన క్రిమి ముక్కలు. దాన్ని పెంచేది ఎక్కువగా కోడిగుడ్లలో. మామూలుగా జెలటిన్ అవసరం ఉండదు. అయినా అనుమానం ఉంటే ఆ డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం తెప్పించుకొని, అందులో ఏమేమి కలిపారో చదివించుకోండి. అడిగితే చూపించాల్సిందే. ఇక మందుల్లో జెలటిన్ విషయం మీద 1995లో కువైట్ లో వంద మందికి పైగా ఉలమాలు, వైద్యులు కూర్చొని చర్చించారు. పూర్తిగా మార్పు చెంది వేరే పదార్థమైపోయినదాన్ని వాడవచ్చునని వారు అభిప్రాయపడ్డారు. అది ధర్మశాస్త్ర విషయం, నా చేతిలోది కాదు. ఇమాం సాహెబ్ గారు ఇక్కడే ఉన్నారు, వారిని అడగండి.

రోజా ఉన్నప్పుడు వేయించుకోవచ్చునా అనేది దీనికి తోక. కండకు వేసే సూదితో రోజా భంగం కాదని చాలామంది ఉలమాల అభిప్రాయం. మనసు ఒప్పకపోతే ఇఫ్తార్ అయ్యాక వేయించుకోండి. రంజాను పేరు చెప్పి నెల వాయిదా వెయ్యకండి.

మూడోది, తవక్కుల్. “రాసిపెట్టి ఉంటే వస్తుంది, సూది ఆపుతుందా?” అంటారు. నేను ఆలిమాను కాను, పెద్ద మాటలు చెప్పను. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో అక్కడ ప్లేగు ఉందని తెలిసి, సహచరులతో సంప్రదించి దారిలోనే వెనక్కి మళ్ళిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ మళ్ళటం కూడా తఖ్దీర్ లోనే ఉందని ఆయన భావించారు. అంతకంటే దగ్గరి ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది. హజ్ కు వెళ్ళే పెద్దలందరికీ బయలుదేరే ముందు మెనింజైటిస్ సూది వేస్తారు, పోలియో చుక్కలు వేస్తారు, వయసు మళ్ళినవారికి ఇదే ఫ్లూ సూది వేస్తారు. ఏ హాజీ గారూ “నాకు తవక్కుల్ ఉంది, సూది వద్దు” అనగా నేను వినలేదు. మామగారికి మంచిదైన సూది కోడలికి ఎందుకు చెడ్డదైంది?

హజ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. హాజీలు తిరిగి వచ్చిన వారం రోజులు ఇల్లంతా జనం. ముసాఫహా, ఆలింగనాలు, జమ్ జమ్, ఖర్జూరాలు. లక్షలాదిమంది మధ్య నెల రోజులు గడిపి వచ్చిన హాజీగారికి దగ్గు ఉండటం మామూలే. ఆ జనానికి చాయ్ అందించేది ఎవరు? ఆరో నెల కోడలు! గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన అబ్బాయి విషయమూ ఇంతే. ఆ వారం ఆ పిల్లను వంటింట్లోనుంచి, జనంలోనుంచి తప్పించండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఫత్వా అవసరం లేదు.

నాలుగోది, నాకు చాలా ఆశ్చర్యంగా ఉండే విషయం. ధనుర్వాతం సూది కడుపుతో ఉన్నప్పుడు రెండుసార్లు వేస్తారు. ఇప్పుడు దానిలో డిఫ్తీరియాది కూడా కలిపి టి.డి. అంటున్నారు. ఎ.ఎన్.ఎం. అమ్మాయి వచ్చి చెయ్యి చాపమంటే మన పిల్లలు చెయ్యి చాపుతారు. ఒక్కరూ ప్రశ్న వెయ్యరు. ఎందుకంటే వాళ్ళ అమ్మ వేయించుకుంది, నానీ వేయించుకుంది. ఒకప్పుడు దానికి కూడా ఇవే మాటలు, పిల్లలు పుట్టకుండా చేస్తారట అన్నారు. పోలియో చుక్కలకూ అన్నారు. 2021లో కోవిడ్ సూదికీ అన్నారు. ఆ సంవత్సరం జులైలో గర్భిణీలకు కూడా కోవిడ్ టీకా అనుమతించారు, వేయించుకున్నవాళ్ళ పిల్లలు ఇప్పుడు మన కళ్ళముందే ఆడుకుంటున్నారు.

సూది వల్ల కష్టమే ఉండదని చెప్పటం లేదు. భుజం నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం, నీరసం ఉండవచ్చు. తీవ్రమైన అలర్జీ పది లక్షల్లో ఒకరికి రావచ్చు, అందుకే వేసిన తరువాత పావుగంట, అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఇంతకుముందు ఈ సూదికే తీవ్రంగా పడనివారు, సూది వేసిన ఆరు వారాల్లో కాళ్ళు చేతులు పడిపోయే జి.బి.ఎస్. అనే నరాల జబ్బు వచ్చినవారు డాక్టరుకు ముందే చెప్పాలి. గుడ్డు పడనివారూ చెప్పాలి. ఆ రోజు ఒళ్ళు కాలిపోతుంటే తగ్గాక వేయించుకోవచ్చు. పాదరసం ఉందని భయపడేవారు ఒక్క మోతాదు నింపి వచ్చే సిరంజి అడగండి, అందులో అది ఉండదు. ఒక సంగతి మరిచిపోకండి. పోయిన కాన్పులో వేయించుకున్నాను కదా అంటే కుదరదు. క్రిమి ఏటేటా వేషం మారుస్తుంది, టీకా కూడా మారుతుంది. డబ్బా మీద ఏ సంవత్సరానిదో చూసుకోండి.

ఇన్ని చెప్పాక డబ్బు మాట చెప్పకపోతే ఈ ప్రసంగం వ్యర్థం. టి.డి. మాదిరిగా ఈ సూది ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. బయట కొనాలి. కంపెనీనిబట్టి, ఆసుపత్రినిబట్టి పదిహేను వందలనుంచి రెండున్నర వేలదాకా అడుగుతున్నారు. బీడీలు చుట్టే ఇంట్లో, పంక్చర్ షాపు ఇంట్లో రెండు వేలు అంటే మాటలు కాదు. “వేయించుకోమ్మా” అని ఊరికే చెప్పి పంపటం నాకే సిగ్గుగా ఉంటుంది. అందుచేత కార్యవర్గంవారికి ఒక మనవి. మన సొసైటీ ఏటా పేదింటి ఆడపిల్లల నికాలకు సాయం చేస్తున్నది, పుస్తకాలు పంచుతున్నది. ఈ సంవత్సరం పదిమంది నిరుపేద గర్భిణీలకు ఈ సూది ఖర్చు పెట్టుకోవచ్చునేమో ఆలోచించండి. జకాత్ నిధి దీనికి వాడవచ్చునా లేదా అనేది ఉలమాలు తేలుస్తారు. సదఖా నిధికి అడ్డేముంది? వెయ్యటానికి నేను రుసుము తీసుకోను.

నన్ను నేరుగా “నీ సొంత కూతురైతే ఏం చేస్తావు?” అని అడిగారు ఒక తల్లి. వేయిస్తాను. కాని నా కూతురిని అడిగే వేయిస్తాను. ఇక్కడ మగవారికి, అత్తగార్లకు ఒక మాట. ఊపిరాడక బాధపడేది ఆ పిల్ల, చెయ్యి ఆ పిల్లది, కడుపు ఆ పిల్లది. ఆమె ఉన్న గదిలోనే ఆమెను వదిలేసి మనం మనం మాట్లాడుకొని “వద్దు” అనటం న్యాయం కాదు. మీరు పక్కన ఉండండి, మీకు తెలిసింది చెప్పండి, చివరి మాట ఆమెను అననివ్వండి. అన్నీ విన్న తరువాత ఆమె వద్దంటే నేను కూడా బలవంతం చెయ్యను.

అలా వద్దనుకున్నవారైనా, వేయించుకున్నవారైనా, ఈ మాటలు జాగ్రత్తగా వినండి. కడుపుతో ఉన్న మనిషికి ఎక్కువ జ్వరం, దగ్గు వస్తే కషాయంతో మూడు రోజులు చూద్దామనుకోవద్దు. ఫ్లూకు మందు ఉంది. ఒసెల్టామివిర్ అంటారు, టామిఫ్లూ అని కూడా వినే ఉంటారు. జబ్బు మొదలైన రెండు రోజుల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, గర్భిణీలకు ఇవ్వవచ్చును. డాక్టరు రాసిస్తేనే వాడాలి, పొరుగింటి చీటీ చూసి కాదు. కూర్చున్నచోట ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారటం, మగతగా ఉండటం, బిడ్డ కదలిక తగ్గటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. తోడుకు మగదిక్కు ఇంట్లో లేదని తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేస్తే వాళ్ళే వస్తారు.

కాన్పు అయిపోయినవారు ఇప్పుడైనా వేయించుకోవచ్చు, పాలిస్తున్నా ఫరవాలేదు. బిడ్డను ఎత్తుకునే నానీ, దాదీ, అబ్బాజాన్ వేయించుకుంటే ఇంకా మంచిది.

సమయం మించిపోయిందని కార్యదర్శిగారు చీటీ పంపారు. అసర్ నమాజు తరువాత పక్కగదిలో కూర్చుంటాను. మగవారి ముందు అడగలేని ప్రశ్నలు ఉన్నవారు అక్కడికి రండి. కార్డులు ఉన్నవారు కార్డులు తీసుకురండి, బి.పి. కూడా చూస్తాను. ఖుదా హాఫిజ్.